మామ తోసిన కారు

నాకు కారు నడపరాదు. ముందుగాల్నే చెప్తున్న, తర్వాత నవ్వద్దు. యాభై ఏండ్లు దాటినయ్, ఇప్పటికీ స్కూటరే. అది గూడ ఎనుక మా ఇంటామె కూసుంటే జర చేతులు వణుకుతయ్. గని ఎన్కటి కార్ల పందాలంటే నాకు పానం. అరవై ఏండ్ల కిందటియి, డెబ్బై ఏండ్ల కిందటియి. తెలుపు నలుపు బొమ్మ, మీదికెల్లి కిందికి గీతలు. డ్రైవరు అంగి చేతులు మోచేతుల దాక మడుసుకొని, నెత్తి మీద గిన్నె బోర్లించినట్టు టోపీ పెట్టుకొని, కండ్లకు అద్దాలు కట్టుకొని, గొట్టం లెక్క ఉన్న కార్ల కూసొని ఉరుకుతుంటడు. నడుముకు బెల్టు లేదు, ఏం లేదు. తొవ్వ పక్కపొంటి గడ్డిమోపులు, గడ్డిమోపుల ఎనుక జనం. కారు మూల తిరుగుతుంటే జనం ఎనుకకు జరగాల్సింది పోయి ముందుకు వంగుతరు. గది చూసుకుంట నేను గూడ ముందుకు వంగుత.

ఇప్పటి పందాలు నాకెక్కయ్. మా దఫ్తర్ల పిల్లలు ఫోన్లు పట్టుకొచ్చి చూపిస్తరు. కారు మీద వేలు పెట్టేటంత జాగ లేకుంట కంపెనీల పేర్లు, డ్రైవరు మొఖం కానరాదు. ఎవడు నవ్వుతుండో, ఎవనికి బుగులైతాందో ఏం తెలుస్తది? ఎన్కటి బొమ్మల డ్రైవరు నాలిక కొరుక్కునుడు గూడ కానొస్తది. గిట్లంటే పిల్లలు, "అన్నా, నీది ముసలి పిచ్చి" అంటరు. మా అమ్మ అయితే ఇంకో తీరు. "బతికున్న కార్లను ఇడిసిపెట్టి సచ్చిన కార్లను చూస్తడు నా కొడుకు" అంటది. ఎవలన్న ఇంటికొస్తే ముందు గదే చెప్తది, చాయ తర్వాత.

ఈ పిచ్చి నాకు అంటిచ్చింది మా మేనమామ. మా అమ్మకు ఒక్కడే తమ్ముడు.

మాది నారాయణపేట. అమ్మదిక్కు, నాయినదిక్కు, అందరం గుంత మగ్గం మీద బతికినోళ్లమే, గుంతల కాళ్లు పెట్టి నేసేది. మామ ఒక్కడే మగ్గం ఇడిసి మోటర్లల్ల పడ్డడు. ఊరి బయట రోడ్డు మీద రేకుల షెడ్డు ఏసుకొని, బాయిల కాడి ఆయిలింజన్లు, తర్వాత తర్వాత కరెంటు మోటర్లు బాగుచేస్తుండె. ఎండకాలం సెలవులల్ల నా మకాం గా షెడ్డే. చిత్తుకాగితాల దుకాణంల కిలో లెక్కన అమ్మే ఇంగిలీషు పుస్తకాలల్లకెల్లి కార్ల బొమ్మలు చింపి, మామ రేకు గోడకు మైదపిండితోని అతికిచ్చిండు. వానకు సగం ఊడిపోయినయ్. ఉన్న సగం నేను చూసుకుంట కూసుంటుంటి. మామ ఒక్కో బొమ్మ కాడ నిలబడి నోటితోని దాని సప్పుడు చేసి చూపిస్తుండె. మొదాలు లావు సప్పుడు, గేరు మారంగనే సన్నగ, మూల కాడ మల్ల కిందికి. దారిన పొయ్యేటోళ్లు నిలబడి చూసి నవ్విపోతుండ్రి. మామకు పట్టకపోవు.

ఆయనకు చెవి గట్టిది. రైతు వచ్చి, "ఇంజను నడుస్తలేదు మేస్త్రీ" అంటే, "నడిపి చూపియ్" అని కండ్లు మూసుకుంటుండె. రెండు నిమిషాలు ఇని, "వాల్వు" అనో, "రింగులు" అనో అంటుండె. అదే అయ్యేది. ఇంజన్ల కాడ మామ ఒక్కనాడు తప్పు మాట చెప్పంగ నేను ఇనలె.

ఇంజన్ల కాడ అంటున్న. మిగతా సంగతులకు గా భరోసా లేదు. మామకు ఒక కథ ఉండె.

పదిహేడు, పద్దెనిమిదేండ్లప్పుడు మామ ఇంట్ల చెప్పకుంట మద్రాసు పోయిండు. ఆడ లారీల షెడ్డుల రెండేండ్లు నట్లు బిగిచ్చే పానాలు అందిచ్చిండు. ఇది నిజమే, అందరికి ఎరుకే. మద్రాసు బయట ఎన్నడో యుద్ధం కాలంల విమానాలు దిగిన పొడుగు పట్టీ ఒకటి ఉండెనట, ఏడాదికోపారి దాని మీద కార్ల పందాలు పెడుతుండ్రట. ఇది గూడ నిజమే. మామ ఒక ఐతారం చూడవోయిండు. ఆడికెల్లి సురువైతది కథ. ఎర్ర కారొకటి నడుమ ఆగిపోయిందట. ఎంత తిప్పినా ఇంజను అందుకుంటలేదట. డ్రైవరు జనం దిక్కు చూసి చెయ్యి ఊపిండట. మామ ఒక్కడే తాడు దుంకి ఉరికిండట. కారు ఎనుక ఎడమదిక్కు భుజం పెట్టి తోసిండట. ఇంజను దగ్గి, అందుకొని, ఉరికి, గా కారే గెలిచిందట. పందెం అయినంక డ్రైవరు వచ్చి, ఒళ్లంత నూనె, గిరీసు, గట్లనే మామను అలుముకున్నడట.

పెండ్లిల్ల చెప్పిండు, పీరీల పండుగకు చెప్పిండు, దినాలకు పోయి గూడ చెప్పిండు. మా అత్త, అంటే మామ భార్య, పక్కపొంటి కూసొని అందిస్తుండె: "పోయినసారి పచ్చకారంటివి, గీసారి ఎర్రదాయె." మామ, "ఎర్రదే. నువ్వు జర గమ్మునుండు" అంటుండె. మా ఖాందాన్ల అది ఒక సామెతనే అయ్యింది. ఎవలన్న చెయ్యని పనిని నేనే చేసిన అని ఛాతీ ఇరుసుకుంటే, "ఆఁ, మామ కారు తోసినట్టు" అంటుంటిమి. మామ లేనప్పుడు అనేటోళ్లం. గంత ఇంగితం ఉండె అప్పుడు.

తెలంగాణ వచ్చింది. నాకు మహబూబ్‌నగర్ల సర్కారు నౌకరి అప్పటికే పాతదైంది. ఒకటి రెండేండ్లకు నెట్టు అగ్గువైంది, అందరి చేతులల్లకు పెద్ద ఫోన్లొచ్చినయ్. నేను గూడ ఒకటి కొన్న. కొన్న నాడే "పాత కార్ల పందాలు" అని ఇంగిలీషుల అక్షరాలు కూడబల్కుకొని కొట్టిన. ఇగ సూడుండ్రి. చిన్నప్పుడు రేకు గోడ మీద సగం ఊడిపోయిన బొమ్మలన్ని కదులుతున్నయ్. పొగ ఇడుస్తున్నయ్. ఇటలీల ఊర్ల నడుమంగ, ఇండ్ల గడపల కాడికెల్లి ఉరుకుతున్నయ్, ముసలమ్మలు కుర్చీలేసుకొని చూస్తుండ్రు. ఒక పందెంలనైతే డ్రైవర్లు ఇవతల నిలబడి, కార్లు అవతల నిలబడి, జెండా ఊపంగనే మనుషులు రోడ్డు దాటి ఉరికి కార్లల్ల దుంకుతుండ్రు. గా నాడు నేను దఫ్తరుకు పోలె. జరమొచ్చిందని చెప్పిన.

వచ్చిన ఐతారమే దేవరకద్ర మీదికెల్లి బస్సుల నారాయణపేటకు పోయి మామ ముందర ఫోను పెట్టిన. మామ ఎంతసేపు చూసిండో. చూసి చూసి అన్నడు, "అల్లుడా, నేను నోటితోని చేసిన సప్పుడు కరెక్టే ఉండె."

కరెక్టే ఉండె మరి.

ఇగ నెలకు రెండు ఐతారాలు నేను ఆడనే. అమ్మ గూడ వస్తుండె తమ్ముణ్ని చూడనీకి. నేను, మామ షెడ్డు ముందర గోనెసంచి ఏసుకొని కూసునేది, ఫోను డబ్బా మీద పెట్టేది. మామకు చెవి పనిచేస్తుంటే ఊరికె ఉండకపోవు. "అండ్ల ఒక సిలిండరు కొడ్తలేదు చూడు" అంటుండె. ఇంక కొంచెం సేపటికి గా కారు పొగ ఇడిసి పక్కకు ఆగుతుండె. ఒకసారి, "ఆపు. గీ సప్పుడు గీ కారుది గాదు. పోయిన ఐతారం ఇన్నదే, అతుకు సప్పుడు" అన్నడు. నేను ఎనుకకు పోయి వెతికి చూస్తే నిజంగనే రెండు బొమ్మలకు ఒక్కటే సప్పుడు అతికిచ్చి పెట్టిండ్రు ఎవలో. ఆ బొమ్మ కింద ఇంగిలీషుల ఒక ముక్క రాసిన. ఏ దేశమోడో, నువ్వు ఎట్ల పట్టినవ్ అని అడిగిండు. నారాయణపేటల మా మామ ఉన్నడు అని రాసిన. నా బతుకుల నేను రాసిన కాయితాలల్ల గంత గర్వంగ రాసింది ఇంకోటి లేదు.

గా మామనే నేను బంతిల నుంచి లేపిన.

మహబూబ్‌నగర్ల నేను రెండు గదులేసుకున్న. ఇల్లు చొచ్చిన నాడు దావత్. మా దఫ్తరోళ్లు, సుట్టాలు, అందరు ఇస్తార్లల్ల బంతి కూసున్నరు. మామ పక్కకు మా దఫ్తరుల కొత్తగ వచ్చిన పిల్లగాడు ఉండె. మామ వాని చెవుల కథ ఎక్కిస్తుండు. ఎర్ర కారు, తాడు, భుజం. వాడు నోరు తెర్సుకొని ఇంటుండు. ఇని, వడ్డించుకుంట వస్తున్న నన్ను చూసి అడిగిండు, "నిజమా అన్నా?"

నా నోరు కాలిపోను. అందరు ఇంటున్నరు, నాకు హుషారుండె, కొత్తిల్లు. "మా దిక్కు ఒక సామెతుంది తమ్మీ" అన్న. "చెయ్యని పని చేసిన అనేటోణ్ని మామ కారు తోసినట్టు అంటం."

బంతి బంతంత నవ్వింది. మా అమ్మ గూడ నవ్వింది. అత్త అయితే కొంగు నోట్ల పెట్టుకొని నవ్వింది. మామ ఒక్కడే ఇస్తారు దిక్కు చూసుకుంట కూసున్నడు. జరసేపటికి అన్నం కలిపిన చెయ్యి అట్లనే పట్టుకొని లేసిండు. మా దిక్కు బంతిల నడుమ లేసుడు మామూలు మాట గాదు. పెట్టినోని మొఖం మీద ఉమ్మినట్టు, పక్కోడు గూడ చెయ్యి కడుక్కోవాలె. అందరి చేతులు ఆగినయ్. మామ చెయ్యి కడుక్కొని, చెప్పులేసుకొని, బస్టాండు దిక్కు నడిసిండు. అత్త ఎంబడి ఉరికింది.

నేను మూడో నాడు పోయిన. మామ మాట్లాడిండు, చాయ తాగమన్నడు, కోపం లేదు. గని ఫోను తీస్తే, "ఇయ్యాల వద్దు" అన్నడు. మల్ల ఐతారం గూడ వద్దన్నడు. అత్త నన్ను తలుపు కాడికి పిల్చి చెప్పింది: "ఇప్పుడు గా ముచ్చట ఎవలకు చెప్తలేడు కొడుకా. మొన్న ఎవలో అడిగిండ్రు గూడ. ఏం లేదు, పో అన్నడు."

గది నాకు మస్తు కొట్టింది. నలభై యాభై ఏండ్ల సంది చెప్పుకుంటున్న కథను ఒక మనిషి నోట్లకెల్లి నేను గుంజుకున్న. ఆయనకు ఆస్తేముంది, రేకుల షెడ్డు, గా కథ. అప్పుడనుకున్న. గా పందాలను ఎవలో ఒకలు బొమ్మ తీసే ఉంటరు. ఎక్కడన్న ఉంటది. దేవులాడి పట్టుకొచ్చి, గా బంతిల నవ్వినోళ్లందరికి చూపిస్త. మామ కారు తోసిండు అని నా నోటితోనే చెప్త.

దేవులాడుడు సురువు చేసిన. ఏండ్లు పట్టింది. నడుమల నారాయణపేట జిల్లా అయ్యింది, కరోనా వచ్చి పోయింది, నా జుట్టు తెల్లగైంది. మద్రాసు పందాల బొమ్మలు శాన తక్కువ. ఉన్న కాడికి ముక్కలు ముక్కలు. నేను ప్రతి ముక్కల కారు తోసేటోళ్ల మొఖాలు చూస్తుంటి. ఆపి, పెద్దగ చేసి, వేలితోని జరిపి. పాత పందాలల్ల కార్లు తోసుడు ఎంత ఉంటదో నాకు అప్పుడే ఎరుకైంది, సగం కార్లు తోస్తెనే నడుస్తయ్. అండ్ల పొట్టోళ్లు, బట్టతలోళ్లు, టోపీలోళ్లు, అందరున్నరు. మామ లేడు.

మామకు ఇంకోటి సురువైంది. పక్కలకు కానొస్తలేదన్నడు. దవాఖానకు తీస్కపోతే, కంటి నరం ఎండుతాంది, పోయింది రాదు, ఉన్నది కాపాడుదాం అన్నరు. చుక్కల మందు ఏసినం. ఉన్నది గూడ ఒక్కో నెల ఇంత ఇంత పోయింది. నాకు తొందర ఎక్కువైంది. కండ్లున్నప్పుడే దొర్కాలె దేవుడా అని రోజు మొక్కిన. మొక్కినా దొర్కలె. పోయినేడు ఎండకాలం వరకు మామకు ఎలుగు, చీకటి గింతే మిగిలింది. మనిషి ముందరికొస్తే నీడ అంటుండు, ఎవలో గొంతును బట్టి చెప్తుండు.

బొమ్మ గా తర్వాత దొర్కింది. దేవునికి గిసొంటి ఏలాకోలం అలవాటే.

ఏదో దేశంల ఒకామె, వాళ్ల నాయిన ఎన్కట మద్రాసుల నౌకరి చేసిండట, ఆయన తీసిన ఇంటి రీళ్లు పెట్టింది. పిల్లల పుట్టినరోజులు, సముద్రం, నడుమల నాలుగు నిమిషాలు కార్ల పందెం. రంగుల బొమ్మ. సప్పుడు లేదు, మూగది. పొడుగు పట్టీ, సర్వి బాదులు పాతి కట్టిన తాడు, ఎండ. రెండో నిమిషంల ఎర్ర కారు ఆగిపోతది. నలుగురు తోస్తరు.

ఆ నలుగుర్ని నేను ఎన్నిసార్లు చూసిన్నో. ఒకాయన ముసలోడు. ఇద్దరు ఒకే తీరు తెల్ల బట్టలేసుకున్న పనోళ్లు. నాలుగో ఆయన లావుగ ఉన్నడు. మామ లేడు. ఐదు దినాలు అదే చూసిన. పోనీ లావాయన చిన్నప్పటి మామ అయ్యుంటడా అని గూడ చూసిన. మామ ఎన్నడు లావు లేడు.

ఆరో నాడు పొద్దుగాల అమ్మ నా పక్కకు కూసొని బియ్యంల రాళ్లేరుతుంది. చాట మీదికెల్లి ఫోన్ల తొంగి చూసి, "ఆపు" అన్నది. "ఎనుకకు తిప్పు. ఆఁ, గాడ. గది మన అంచు."

నేను కార్లు చూసేటోణ్ని. ఆమె గుడ్డ చూసేది. నారాయణపేటల మగ్గం మీద ఒక్క పడుగుకు ఎనిమిది చీరలు నేస్తరు. ఎనిమిదో చీర అయినంక, చివరికి మూరెడో మూరెడున్నరో గుడ్డ మిగుల్తది, అది అమ్మనీకి రాదు. గా ముక్కలు దాసిపెట్టి ఇంట్ల పిల్లలకు అంగీలు కుడుతుండ్రి. అట్ల నేతగాళ్ల పిల్లలందరు చీర గళ్ల అంగీలు ఏసుకొని తిరుగుతుండ్రి, అంచు ఎటు పడితే అటు వస్తుండె. అమ్మ ఏలు పెట్టిన కాడ తాడు ఎనుక జనంల ఒక సన్నటి పిల్లగాడు ఉన్నడు. గళ్ల అంగి. కుడిచేతి చివరకు ఎర్రంచు ఉంది, ఎడమచేతికి లేదు.

"గుడ్డ సాలలె" అన్నది అమ్మ. "నా పెండ్లికి ముందు నేనే కుట్టిన. ఒక్క చేతికే అంచు వచ్చింది. వాడు నన్ను నెల దినాలు తిట్టిండు."

మొఖం పెద్దగ చేసి చూస్తే మామే. చెవులు మామయే. ముందర కారును నలుగురు తోస్తుంటే మామ తాడు మీద రెండు చేతులు పెట్టి, మడిమెలు లేపి ముందుకు వంగిండు. తాడు దాటలె. పక్కకు కట్టె పట్టుకొని ఒక పోలీసాయన. ఇంజను అందుకుంటది, పొగ వస్తది, కారు పోతది. మామ ఆడనే ఉంటడు.

ఏండ్ల సంది దేవులాడి దేవులాడి నేను పట్టుకొచ్చింది ఏంది? మామది అబద్ధం అని సాక్ష్యం పట్టుకొచ్చిన. ఇసొంటి తెలివి మా ఖాందాన్ల నాకొక్కనికే ఉంది.

"చూపియ్యకు" అన్నది అమ్మ. జరసేపటికి మల్ల అన్నది, "ఎట్లయిన వానికి కానరాదు గదా. తోస్తున్నవని చెప్పు. అందరికి గట్లనే చెప్దాం. ఏం పోతది?"

తమ్ముణ్ని కోతలరాయడని జిందగంత నవ్విన మనిషి. ఆమె అన్న మాట అది. నేను సరే అన్న.

ఐతారం అమ్మ, నేను పోయినం. మామ షెడ్డు ముందర నీడల కూసున్నడు. షెడ్డు ఇప్పుడు బంద్, పానాలు మాత్రం ఆయన చేతికందేటట్టు అట్లనే వరుసగ ఉంటయ్. అత్త లోపట రొట్టెలు కొడుతుంది, సప్పుడు ఇనొస్తుంది. నేను పక్కకు కూసున్న. "మామా, దొర్కింది. మద్రాసు పందెం. అండ్ల నువ్వున్నవ్" అన్న.

అత్త రొట్టెల సప్పుడు ఆగింది. మామ చెయ్యి చాపిండు, ఫోను చేతుల పెట్టిన. "సప్పుడు పెట్టు" అన్నడు.

"సప్పుడు లేదు మామా. మూగ బొమ్మ."

"మరి నాకేం ఎరుకైతది. నువ్వే చెప్పు."

చెప్పిన. ఎండ, పట్టీ, సర్వి బాదులు, తాడు. ఒక్కోదానికి మామ తల ఊపుతుండు. "ఎడమదిక్కు నీళ్ల ట్యాంకరుందా?" అన్నడు. ఉంది. "దాని నీడల ఐసు అమ్మేటోడు?" వాడు గూడ ఉన్నడు, నేను గప్పటి వరకు చూడలె. మామ మొఖం ఎలిగింది. ఎన్నేండ్లకో చూసిన గా మొఖం. ఇగ నాకు ధైర్యం వచ్చింది.

"ఎర్ర కారు ఆగింది మామా. తోస్తుండ్రు. అండ్ల ఒకలు నువ్వు. గళ్ల అంగి."

"నేనా?"

"నువ్వే. కారు ఎనుక, ఎడమదిక్కు."

"చెయ్యి పెట్టిన్నా కారు మీద?"

"భుజమే పెట్టినవ్."

మామ ఫోను ఒళ్లె పెట్టుకున్నడు. ఎలుగు దిక్కు మొఖం తిప్పిండు. తర్వాత నిమ్మలంగ అన్నడు, "గట్లయితె గాయన నేను గాదు అల్లుడా."

"అంగి అమ్మ గుర్తుపట్టింది మామా..."

"గళ్ల అంగి ఎవనికైన ఉంటది. నేను కారుకు చెయ్యి పెట్టలె. తాడే దాటలె. పోలీసాయన కట్టె పట్టుకొని నిలబడ్డడు, నాకు బుగులైంది. నువ్వు ఎవన్నో చూసినవ్. తాడు ఎనుక చూడు. ట్యాంకరుకు ఇవతల ఉంట."

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. దాసుడెందుకు. "ఆడనే ఉన్నవ్ మామా" అన్న. "తాడు ఎనుకనే ఉన్నవ్. నేనే అబద్ధం చెప్పిన. నాడు బంతిల నిన్ను నవ్వులపాలు చేసిన, గా పాపం కడుక్కుందామని చెప్పిన."

"పాపమేంది? నువ్వన్నది నిజమే. నిజమైంది గనుకనే లేసిన. అబద్ధమైతే కూసొని రెండోసారి వడ్డిచ్చుకొని తిందును."

అత్త తలుపుల నిలబడి ఇంటుంది, చేతులకు పిండి. మామ మా అమ్మ దిక్కు తిరిగిండు. ఆమె ఏడ కూసున్నదో ఊపిరిని బట్టి ఆయనకు ఎరుకే.

"అక్కా, నేను మద్రాసు నుంచి రాంగనే బాపు అడిగిండు. చెప్పకుంట పోతివి, రెండేండ్లు ఉంటివి, ఆడ ఏం పీకినవ్ రా అని. ఏం చెప్పాలె? లారీల కింద పండుకొని పానాలు అందిచ్చిన, గంతే. మూడు దినాల కింద చూసిన పందెం కండ్లల్ల తిరుగుతుండె. కారు తోసిన అన్న. గాయన పొయ్యి వాడకట్టంత చెప్పిండు. ఇగ ఎనుకకు తీసుకునుడు ఎట్ల? చెప్పుకుంటనే పోయిన."

అమ్మ కొంగుతోని మొఖం తుడ్సుకుంది. "నాకు ఎరుకనే రా తమ్మీ" అన్నది. "గప్పుడు నేను పురుటికి వచ్చి ఉంటి. వీడే కడుపుల. గా అంగి ఉతకనీకి నేనే తీసుకున్న. డ్రైవరు గిరీసు ఒంటితోని అలుముకున్నడంటివి. ఒక్క మరక లేదు. ఉతికితే గూడ పోయే మరకనా అది."

"మరి బాపుకు చెప్పకపోతివి."

"చెప్పేదేముంది. నా చేతికిచ్చింది గాయనే. నువ్వు తానానికి పోతే, అంగిని ఎలుగులకు పట్టి చూసిండు. నేతగాడు గదా, గుడ్డను ఎట్ల చూస్తడు. ముందర చూసిండు, ఎనుక చూసిండు, భుజాల కాడ ఏలుతోని రాసి చూసిండు. మడిసి నాకిచ్చి, జర మంచిగ ఉతుకు బిడ్డా, మరకలున్నయ్ అన్నడు. అని, చెప్పులేసుకొని వాడకట్టు మీదికి పోయిండు. నా కొడుకు కారు తోసిండు, వాని చెయ్యి మోటర్ల మీద పడ్డది, ఇగ పోగు మీద నిలవదు అని ఇంటింటికి చెప్పొచ్చిండు."

మామ చేతులు రెండు ఫోను మీద పెట్టుకొని, గా మూగ బొమ్మ నడుస్తుంటే అట్లనే కూసున్నడు. అంతకు ముందు మామ ఏడ్వంగ నేను ఎన్నడు చూడలె. వాళ్ల బాపు, మా తాత, పోయిన నాడు గూడ ఏడ్వలేదంటరు.

"గందుకే" అన్నడు ఆఖరికి. "గందుకే అక్కా, నేనొచ్చినంక మగ్గం గుంతల దిగు అని గాయన ఒక్కనాడు గూడ అనలె."